గోడ మీద కూర్చున్న ఆ పెద్ద దోమ ఏమిటి? క్రేన్ ఫ్లై గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడ్డ వారం నుంచే నాకు ఫోటోలు రావడం మొదలవుతుంది. మిర్యాలగూడ నుంచి ఒకరు, అచ్చంపేట నుంచి ఒకరు, మా వీధిలోంచే నలుగురు. అన్ని ఫోటోల్లో ఒకటే దృశ్యం. సున్నం గోడ, ట్యూబులైటు, దాని కింద కాళ్ళు బార్లా చాపుకొని వేలాడుతున్న సన్నటి పురుగు. "సార్, ఇంత పెద్ద దోమ!" అని కింద ఒక మాట. నల్లగొండలో పిల్లలకు జీవశాస్త్రం చెప్తాను కాబట్టి అందరూ నన్నే అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే జవాబులన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ప్రశ్నలు మాత్రం అడిగినవాళ్ళ మాటల్లోనే ఉంచాను.

సార్, ఇది దోమనే కదా?

కాదు. దోమకు చుట్టం. ఇంటి ఈగ, దోమ, ఇది మూడూ ఒక జత రెక్కలు మాత్రమే ఉండే డిప్టెరా వర్గంలోవి. అందులో దోమలది క్యూలిసిడే కుటుంబం, దీనిది టిపులిడే కుటుంబం. ప్రపంచం మొత్తం మీద దోమలు మూడున్నర వేల పైచిలుకు రకాలైతే, క్రేన్ ఫ్లైలు, వాటి దగ్గరి బంధువులు కలిపి 15,000 రకాలు దాటాయి. చార్లెస్ పాల్ అలెగ్జాండర్ (1889–1981) అనే అమెరికా శాస్త్రవేత్త ఒక్కడే పది వేలకు పైగా కొత్త రకాలను వర్ణించి పేర్లు పెట్టాడు. ఒక మనిషి బతుకంతా ఈ పురుగుల రెక్కల గీతలు చూస్తూ గడిపాడంటే, వీటిలో ఎంత వైవిధ్యం ఉందో ఊహించుకోవచ్చు.

కుడ్తదా? డెంగీ వస్తదా?

కుట్టదు. కుట్టాలనుకున్నా కుట్టలేదు. రక్తం పీల్చాలంటే చర్మంలోకి దిగే సూదిలాంటి గొట్టం ఉండాలి, దీనికి అది లేదు. ఉన్నది ముందుకు పొడుచుకొచ్చిన పొట్టి మూతి ఒకటి. దాంతో నీళ్ళో, పూలలోని తేనెనో తాగుతుంది. చాలా రకాలు పెద్దయ్యాక ఏమీ తినవు. రక్తమే తాగనిది రక్తంతో వచ్చే జబ్బును మోయదు. డెంగీ, మలేరియా, చికున్‌గున్యా, బోదకాలు, వీటిలో దేనితోనూ దీనికి సంబంధం లేదు.

మూడేళ్ళ కిందట ఒక హాస్టల్ నుంచి పిలుపొచ్చింది. గదుల్లో డెంగీ దోమలున్నాయని పిల్లలు రాత్రంతా నిద్రపోలేదట. పోయి చూస్తే గోడల నిండా మందు కొట్టిన మరకలు, కింద పది పన్నెండు క్రేన్ ఫ్లైలు కాళ్ళు ముడుచుకొని పడి ఉన్నాయి. బాత్‌రూముల వెనక మూత లేని నీలం డ్రమ్ము ఒకటి కనిపించింది. టార్చి వేసి లోపలికి చూశాను. నీళ్ళ పైన తలకిందులుగా వేలాడుతున్న సన్నటి పురుగులు, వెలుతురు పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోయాయి. లెక్కపెట్టలేనన్ని. అవి దోమ పిల్లలు. అంత మందు కొట్టినవాళ్ళు ఆ డ్రమ్ము వైపే చూడలేదు. ఆ రోజు పడ్డ బాధే నాతో ఇదంతా రాయిస్తున్నది.

డెంగీ తెచ్చే ఏడిస్ దోమ చిన్నది. చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. నల్లటి ఒంటి మీద, కాళ్ళ మీద తెల్ల పట్టీలుంటాయి. పగటిపూట కుడుతుంది. మురికి కాలువలో కాదు, మనం తాగడానికి, వాడుకోవడానికి నిలవ పెట్టుకున్న తేట నీళ్ళలో పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. వారానికొకసారి నీళ్ళన్నీ పారబోసి డ్రై డే పాటించమనేది అందుకే. ఫ్లోరైడ్ లేని నీళ్ళ కోసం బిందెలు పట్టుకొని తరాలుగా నిలబడ్డ జిల్లా మనది, నీళ్ళు దాచుకోవడం మన ఒంట్లో అలవాటు. దాచుకోండి, మూత పెట్టండి. గోలెం, డ్రమ్ము, సంపు, కూలరు, పాత టైరు, పూలకుండీ కింది పళ్ళెం, ఇవన్నీ చూడాలి. భయపడాల్సిన చోటు గోడ కాదు, డ్రమ్ము.

మరి తోకకు సూది కనపడ్తున్నది కదా?

అది ఆడది. కడుపు చివర మొనదేలి ఉండేది గుడ్లు పెట్టే సాధనం. తడి మట్టిలో దాన్ని గుచ్చి గుడ్డు దించుతుంది. మన చర్మంలోకి దిగేది కాదు, విషం ఉండదు. మగదాని కడుపు చివర మొద్దుగా, కాస్త ఉబ్బి గదలాగా ఉంటుంది. ఈ ఒక్క గుర్తుతో ఆడదో మగదో ఎవరైనా చెప్పేయొచ్చు.

ఆడది గుడ్లు పెట్టడం పానగల్లు దగ్గర ఒక వరి మడి గట్టు మీద తెల్లవారుజామున చూశాను. తడి మన్ను మీద నిటారుగా నిలబడి, ముందు కాళ్ళతో గడ్డిపోచ పట్టుకొని, నాటు కూలీ నారు గుచ్చినట్టు కడుపు చివరను మట్టిలోకి పొడిచి తీస్తున్నది. రెండడుగులు జరుగుతుంది, మళ్ళీ పొడుస్తుంది. ఆవగింజ కన్నా సన్నంగా, నల్లగా మెరిసే గుడ్లు. అక్కడే గొంతుకూర్చుని చూశాను, నేనున్నానని కూడా పట్టించుకోలేదు.

దోమకూ దీనికీ తేడా ఎట్ల గుర్తుపట్టాలె?

దీనికి భూతద్దం కూడా అవసరం లేదు. గాజు గ్లాసు బోర్లించి లోపల ఉంచి చూస్తే చాలు.

మొదట కాళ్ళు. ఒంటి పొడవుకు రెండింతలు మించిన కాళ్ళు, దారం కన్నా సన్నంగా, కీళ్ళ దగ్గర వంగి ఉంటాయి. దోమకు కూడా కాళ్ళు పొడవే కానీ ఇంత ఉండవు. తర్వాత రెక్కలు. దోమ వాలినప్పుడు రెక్కలు ఒకదాని మీద ఒకటి ముడుచుకుంటుంది. పెద్ద క్రేన్ ఫ్లైలు ఎక్కువగా రెండు పక్కలా చాచి కూర్చుంటాయి. దోమ రెక్కల గీతల వెంట సన్నటి పొలుసులుంటాయి, వేలితో రాస్తే పొడిలా అంటుకుంటాయి. క్రేన్ ఫ్లై రెక్క గాజు ముక్కలాగా నున్నగా ఉంటుంది. కొన్నిటికి గోధుమరంగు మచ్చలుంటాయి.

వీపు మీద చూడండి. రెక్కలు మొలిచే చోటికి కాస్త ముందు ఇంగ్లిష్ వి అక్షరం ఆకారంలో ఒక గీత ఉంటుంది. శాస్త్రవేత్తలు క్రేన్ ఫ్లైని పట్టుకునే మొదటి గుర్తు ఇదే. పిల్లలకు ఒకసారి చూపిస్తే ఇక మరిచిపోరు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది రెక్కల వెనక ఉంటుంది. సన్నటి కాడ, చివర చిన్న గుండు, అగ్గిపుల్ల తలకాయలాగా. రెండు పక్కలా ఒక్కొక్కటి. వీటిని హాల్టియర్లు అంటారు. ఈగలకూ దోమలకూ కూడా ఉంటాయి కానీ కంటికి ఆనవు. క్రేన్ ఫ్లైకి మాత్రం మామూలు కంటికే స్పష్టంగా కనిపిస్తాయి. పూర్వం ఇవి వెనక రెక్కలే, కాలక్రమంలో ఇట్లా మారాయి. ఎగిరేటప్పుడు ఇవి రెక్కలతో పాటు, వాటికి ఎదురు దిశలో పైకి కిందికి ఊగుతాయి. ఒళ్ళు ఒక పక్కకు తిరిగితే ఆ ఊగుడులో తేడా వస్తుంది, ఆ తేడాను కాడ మొదట్లోని నరాలు పసిగడతాయి. అంటే బ్యాలెన్సు చూసుకునే పరికరం. సెల్‌ఫోను అడ్డం తిప్పితే బొమ్మ అడ్డం తిరగడానికి లోపల చిన్న సెన్సర్లు పనిచేస్తాయి కదా, అలాంటి పనే ఇది. నేను పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ముందు దీనితోనే మొదలుపెడతాను.

పత్తికి వచ్చే పచ్చదోమ, తెల్లదోమ, వరికి వచ్చే సుడిదోమ ఇవన్నీ దీని జాతేనా?

మంచి ప్రశ్న, రైతులే అడుగుతారు. అవేవీ దీని జాతి కాదు, అసలు దోమలే కాదు. పచ్చదోమ, తెల్లదోమ, సుడిదోమ మూడూ మొక్కల రసం పీల్చే నల్లులకు దగ్గరివి. రెక్కలు రెండు జతలుంటాయి. చిన్నగా ఉండి గుంపుగా లేచేవాటికి మన భాషలో దోమ అనే పేరు పడిపోయింది. పొలంలో దీనికి నిజంగా దగ్గరి చుట్టం ఎవరంటే ఉల్లికోడు. వరి పిలకను ఉల్లికాడలాగా గొట్టం చేసే పురుగు తల్లి రెండు రెక్కల చిన్న ఈగ, చూడ్డానికి దోమలాగే ఉంటుంది. పురుగుమందుల డబ్బా మీద దోమ అని కనపడితే అది ఏ దోమ గురించి రాశారో చూసుకోవాలి.

దీనికి తెలుగు పేరేంది?

ఇంగ్లిష్‌లో క్రేన్ అంటే మనకు బరువులెత్తే యంత్రం గుర్తొస్తుంది. ఇక్కడ ఆ మాటకు అర్థం పొడుగు కాళ్ళ కొంగలాంటి పక్షి. కాళ్ళు చూసి పెట్టిన పేరు. మన దగ్గర జనం పెద్ద దోమ అంటారు, మా ఇంట్లో చిన్నప్పుడు రాకాసి దోమ అనేవాళ్ళం. ఆ పేర్ల వల్లే భయం ఎక్కువైంది. తరగతిలో నేను పొడుగుకాళ్ళ ఈగ అంటాను. పిల్లలకు అది నోటికి పట్టింది.

వాట్సాప్‌ల "ప్రపంచంలనే పెద్ద దోమ చైనాల దొరికింది" అని వచ్చింది. నిజమేనా?

పురుగు నిజం, దోమ అన్న మాట తప్పు. దాని పేరు హోలోరూసియా మికాడో. క్రేన్ ఫ్లైలలో ఇంత పెద్దది ఇంకొకటి లేదనే చెప్పుకుంటారు. వెస్ట్‌వుడ్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1876లో జపాను నుంచి వచ్చిన నమూనాలు చూసి దీన్ని వర్ణించాడు. మికాడో అంటే జపాను చక్రవర్తికి వాడే పాత బిరుదు. పురుగు ఆకారం చూసి ఆ పేరు పెట్టాడంటే ఆశ్చర్యం లేదు.

మామూలుగా దీని రెక్కలు చాచితే ఎనిమిది సెంటీమీటర్ల దాకా ఉంటాయి. మన లెక్కలో బెత్తెడు. 2017లో చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో చింగ్‌చెంగ్ కొండ దగ్గర దొరికిన దాని రెక్కల వెడల్పు 11.15 సెంటీమీటర్లు, అంటే సగం జానెడు. 2018లో ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది, అప్పటి నుంచి ఏటా వానాకాలంలో మన ఫోన్లలోకి కొత్తగా వస్తూనే ఉంది. ఫోటోలో మనిషి చేతి పక్కన పెట్టి చూపిస్తారు కాబట్టి గుండె ఝల్లుమంటుంది. కానీ ఒంటిని చూడండి, పుల్లలాగా సన్నం. ఆ పెద్దరికమంతా కాళ్ళలో, రెక్కల్లోనే. ఇంత సన్నటి ఒళ్ళు, ఇంత వెడల్పు రెక్కలు ఉండడం వల్లే ఇవి సరిగా ఎగరలేవు. గాలికి కాగితంలా ఊగుతూ, గోడకు తగులుతూ పోతాయి. మీ మీదకు దూసుకొచ్చిందని అనిపిస్తే, అది దాడి కాదు, దిశ చూసుకోలేకపోవడం.

దోమల్లోనే అన్నిటికంటే పెద్దది ఏదని మీరు అడగొచ్చు. టాక్సోరింకైటిస్ అనే జాతి, ఇంగ్లిష్‌లో ఏనుగు దోమ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. దాని రెక్కల వెడల్పు రెండున్నర సెంటీమీటర్లకు మించదు. అది కూడా రక్తం తాగదు. పైగా దాని పిల్లలు నీళ్ళలో మిగతా దోమల పిల్లలను తింటాయి. ఆ జాతి మన దేశంలోనూ ఉంది.

వేరే దేశాల్ల ఇంక పెద్దవి ఉన్నయా?

ఐరోపాలో టిపులా మాక్సిమా ఉంది. 1761లో పోడా అనే ఆయన పేరు పెట్టాడు. బ్రిటన్‌లో దొరికే క్రేన్ ఫ్లైలలో ఇదే పెద్దది. రెక్కలు చాచితే ఆరున్నర సెంటీమీటర్ల దాకా వస్తుంది, రెక్కల మీద గోధుమరంగు మచ్చలు పటం గీసినట్టు ఉంటాయి. అడవిలోని వాగుల పక్క తడి మట్టిలో దాని పిల్లలు పెరుగుతాయి. అమెరికా పశ్చిమ తీరంలో హోలోరూసియా హెస్పెరా ఉంది, మికాడోకు సొంత దాయాది. దాని ఒళ్ళే మూడున్నర సెంటీమీటర్లుంటుంది. ఇదంతా ఒక పక్క, అసలు రెక్కలే లేనివి ఇంకొక పక్క. చలి దేశాల్లో కియోనియా అనే జాతి మంచు మీద సాలీడులాగా నడిచిపోతుంది, దానికి రెక్కలు లేవు, హాల్టియర్లు మాత్రం మిగిలే ఉన్నాయి.

మికాడో మన దగ్గర ఉంటదా?

ఉండదు. దాని ఊరు జపాను, చైనా వైపు. హోలోరూసియా జాతికి చెందిన వేరే రకాలు మన దేశంలో ఉన్నాయి. మన పొలాల దగ్గర, ఇళ్ళ గోడల మీద నాకు కనిపించినవాటిలో చాలా వాటి ఒళ్ళు ఒకటి రెండు సెంటీమీటర్లే. పసుపు మీద నలుపు చారలతో నిగనిగలాడేది కనిపిస్తే అది బహుశా నెఫ్రోటోమా. వాటికన్నా పెద్దవి నల్లమలలో చూశాను. మల్లెల తీర్థం మెట్లు దిగి కిందికి పోతే, నీళ్ళ తుంపర పడే రాళ్ళ నీడలో నాచు పట్టిన చోట వేలాడుతుంటాయి. అక్కడ ఎండ పడదు, తేమ ఆరదు, కుళ్ళిన ఆకు ఎప్పుడూ ఉంటుంది. మహబూబ్‌నగర్ పట్టణంలోని ఎండ గోడకు, ఆ రాతి నీడకు చాలా తేడా ఉంది.

ఫలానా రకం అని ఫోటో చూసి చెప్పమంటే మాత్రం చెప్పను. చాలా రకాలను మగదాని కడుపు చివరి భాగాలను మైక్రోస్కోపు కింద చూసి గానీ తేల్చలేరు.

దోమలను తింటదట కదా, ఇంట్ల ఉంచుకోమంటున్నరు?

తినదు. ఇంగ్లిష్‌లో దీనికి దోమలను వేటాడేది అనే అర్థం వచ్చే పేరొకటి ఉంది, అక్కడి నుంచి పుట్టిన మాట ఇది. వేటాడే నోరే దీనికి లేదు. దోమలను నిజంగా తినేవి తూనీగలు, బల్లులు, సాలీళ్ళు. అవే దీన్నీ తింటాయి. "లోకంలో అన్నిటికన్నా విషపురుగు, కోరలు చిన్నవి కాబట్టి కుట్టలేదు" అనే ఫార్వర్డు కూడా అబద్ధమే.

దోమల మీద పరిశోధన గురించి మాట్లాడితే మన తెలంగాణకు ఒక పెద్ద పేరుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో చూశాడు. అందుకే ఏటా ఆ తారీఖున దోమల దినం. మందు కొట్టేముందు ఏది దోమో తెలుసుకోవడం ఆ నేల మీది మనకు మరీ అవసరం.

పట్టుకుంటే కాలు ఊడి చేతిలకొచ్చింది. పాపం మళ్ళ వస్తదా?

రాదు. కాలు తొడ మొదట్లో ఒక బలహీనమైన కీలు దగ్గర విరిగేటట్టే కట్టి ఉంటుంది. బల్లి తోక వదిలినట్టు, పక్షికో సాలీడుకో కాలు అప్పజెప్పి ఒళ్ళు దక్కించుకుంటుంది. ఎదిగిన పురుగు మళ్ళీ కుబుసం విడవదు కాబట్టి కొత్త కాలు రాదు. నాలుగు కాళ్ళతో హాయిగా తిరిగేవాటిని చాలా చూశాను.

దీని పిల్లలు ఎట్లుంటయి? పొలానికి నష్టమా?

కాళ్ళు లేని, బూడిద రంగు, గొట్టంలాంటి పురుగు. పెద్ద రకాల్లో నాలుగు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. చర్మం తోలులాగా గట్టిది. తలను లోపలికి లాగేసుకుంటుంది. వెనక చివర చుట్టూ మెత్తని వేళ్ళలాంటివి ఆరుంటాయి, మధ్యలో రెండు నల్లటి చుక్కలు. పిల్లలు దాన్నే మొహం అనుకుంటారు. ఆ చుక్కలు కళ్ళు కావు, గాలి పీల్చే రంధ్రాలు. ముందూ వెనకా తారుమారైన జంతువులాగా కనిపిస్తుంది.

చాలా రకాలు కుళ్ళిన ఆకు, నాచు, తడి చెత్త తిని మట్టిలో కలుపుతాయి. వానపాము చేసే పనిలో ఒక వంతు ఇవీ చేస్తాయి. కొన్ని రకాలు గడ్డి వేళ్ళు కొరుకుతాయి. ఐరోపాలో టిపులా పాలుడోసా పిల్లలు పచ్చిక బయళ్ళను పాడుచేస్తాయి. 1935లో లండన్ లార్డ్స్ క్రికెట్ మైదానాన్ని ఇవే పట్టిపీడించాయి. పచ్చిక అక్కడక్కడా బట్టతలలాగా రాలిపోయింది, సిబ్బంది వేల పురుగులను ఏరి కాల్చేశారు, ఆ సీజనంతా పిచ్ మీద బంతి మామూలు కన్నా ఎక్కువ తిరిగింది. దక్షిణాఫ్రికా ఇంగ్లండు గడ్డ మీద మొదటి టెస్టు గెలిచింది ఆ ఏడే, ఆ మైదానంలోనే.

సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసేవాళ్ళు దీని గురించి దిగులు పడొద్దు. మొగి పురుగు, ఉల్లికోడు, సుడిదోమ మీద కన్నుంచితే చాలు.

ఎన్ని దినాలు బతుకుతది?

రెక్కలు వచ్చాక కొన్ని రోజులు, మహా అయితే రెండు వారాలు. ఆలోపు జత కట్టాలి, గుడ్లు పెట్టాలి. దాని జీవితంలో ఎక్కువ కాలం మట్టిలో పురుగుగానే గడిచిపోతుంది.

ఇంట్లకు వస్తే ఏం చేయాలె? మందు కొట్టాల్నా?

వద్దు. వీధి వైపు కిటికీ తెరిచి, గదిలో లైటు తీసేసి వరండాలో లైటు వేయండి. దానంతటదే పోతుంది. పోకపోతే గ్లాసు బోర్లించి, కింద నుంచి పాత పెళ్ళిపత్రిక ఒకటి మెల్లగా తోసి, బయట చెట్టు కింద వదలండి. దోమల బ్యాటు వాడొద్దు. చిన్నపిల్లలు భయపడితే ముందు గ్లాసులో చూపించండి, హాల్టియర్లు వెతకమనండి. మా బడిలో ఐదో తరగతి పిల్ల ఒకతి, దోమంటే ఏడ్చేది, ఇప్పుడు గ్లాసు తనే పట్టుకుంటుంది.

ఫోటో ఎట్ల తీసి పంపాలె?

మూడు తీయండి. పై నుంచి ఒకటి, రెక్కలూ వీపు మీది వి గీతా కనపడాలి. పక్క నుంచి ఒకటి. కడుపు చివరది దగ్గరగా ఒకటి, అది లేకపోతే ఆడదో మగదో తెలియదు. పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టండి, దాని అడ్డం 27 మిల్లీమీటర్లు, దాన్నిబట్టి కొలత లెక్కకడతాను. ఊరు, తారీఖు, దగ్గర్లో చెరువో కాలువో పొలమో ఉంటే అదీ రాయండి. చంపి తీయొద్దు. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు అది కదలదు, అప్పుడు మీ ఫోను దానికి జానెడు దూరం దాకా పోవచ్చు.